పలక వెనక గీత

బొగ్గులవాగు అడివిలో ఎండాకాలం నీళ్ళు ఎవరికి ఎన్ని అన్నది అడివిపెద్ద చేతిలో ఉండేది. వాగు కొండ మీంచి దిగి ముందు ఎగువనున్న వెదురుపొదల్లోకి వస్తుంది, తర్వాత దిగువ గడ్డిబీళ్ళలోకి పోతుంది. రెంటికీ మధ్య బండలు పేర్చిన అడ్డుకట్ట ఒకటుంది. ఏ బండ ఎప్పుడు తియ్యాలో అడివిపెద్దే చెప్పాలి. తొమ్మిదేళ్ళుగా ఆ పదవిలో నక్క బుచ్చిలింగం కూర్చున్నాడు. ఎగువనుండే నక్కలు, ముంగిసలు, అడవిపిల్లులు అతనికి కావలసినవాళ్ళు. దిగువనుండే లేళ్ళు, కుందేళ్ళు, పందులు ఎన్నిసార్లు అడిగినా బండలు కదిలేవి కావు.

కిందటి ఎండాకాలం దిగువకి బురద తప్ప మరేమీ రాలేదు. లేడి చామంతికి ఆర్నెల్ల చెల్లెలు ఉండేది. దాహానికి ఆగలేక ఆ కూన వాగులోకి దిగి పొట్టదాకా బురదలో కూరుకుపోయింది. నలుగురూ చేరి పైకి లాగేసరికి ప్రాణం లేదు. చామంతి వెళ్ళి అడిగితే బుచ్చిలింగం కళ్ళు తుడుచుకున్నాడు, ఒక బండ తీయించాడు, మర్నాడే మళ్ళీ పెట్టించాడు.

ఈ ఏడు అడివిపెద్ద ఎన్నిక వచ్చింది. అడ్డుకట్ట పూర్తిగా తీసేస్తానని అడవిదున్న పోలన్న పోటీకి నిలబడ్డాడు. రెండు వానాకాలాలు చూసిన ప్రతి జంతువుకీ ఓటుంది కానీ ముందు జాబితాలో పేరెక్కాలి. ఆ జాబితా రాసేది తాబేలు సూరమ్మ. పేరు కావలసినవాళ్ళు తడిమట్టి పలక మీద పాదం వెయ్యాలి. పలక వెనక ఒక నిలువుగీత ఉంటే పేరు చేర్చమని అర్థం. అడ్డదిడ్డంగా రెండు గీతలు కొట్టి ఉంటే పేరు వద్దని అర్థం. ఉన్న పేరైతే కొట్టేస్తారు, లేని పేరైతే ఆ ఎన్నికకి ఎక్కించరు.

దిగువన కుర్రకారు మూడొందలకి పైనే ఉన్నారు. జాబితాలో ఉన్నది నలభై మంది. చామంతి పొదపొదకీ తిరిగింది.

"దూదీ, పేరు రాయించుకున్నావా?" అని పడుచు కుందేల్ని అడిగింది.

"రాయించుకుందాంలే అక్కా."

"ఎప్పుడు?"

"చూద్దాం. ఈ ఎండలో సూరమ్మవ్వ బండదాకా ఎవరు పోతారు. అయినా నా ఒక్క ఓటుతో నీళ్ళొస్తాయా ఏమిటి."

"రేపు పొద్దున్నే నాతో రా, పోనీ."

"రేపు కుదరదు. కోయిలమ్మ పాట ఉంది. మేమంతా పోతున్నాం."

"ఎక్కడ?"

"రెండు కొండలవతల."

అవ్వ బండ అక్కడికి కేకవేటు దూరం. మర్నాడు చామంతి కూడా వాళ్ళ వెంట రెండు కొండలూ ఎక్కి దిగింది.

కోయిల రాగవల్లి అంటే ఆ చుట్టుపక్కల నాలుగు అడవుల్లోనూ కుర్రకారుకి పిచ్చి. ఆమె కూర్చున్న కొమ్మని మర్నాడు వచ్చి తడిమి చూసుకునేవాళ్ళున్నారు. పాటయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి చామంతి ఆ కొమ్మ కింద నిలబడింది.

"మా పిల్లలు మీరు పిలిస్తే వస్తారు. మేం పిలిస్తే రారు. మా అడివిలో ఒక కచేరీ పెట్టి, పేర్లు రాయించుకోమని ఒక్క మాట చెప్పాలి."

"నా పాట వింటారమ్మా. నా మాట వింటారని నమ్మకమేమిటి?" అంది రాగవల్లి.

"చెప్పి చూడండి."

"పాదం వేసినవాళ్ళకే పాట అంటే వింటారేమో." అంది కోయిల. "ఇంతదూరం నడిచొచ్చావు. నీకేమిటి ఇంత పట్టుదల?"

చామంతి చెల్లెలి సంగతి చెప్పింది. రాగవల్లి రెక్కలు ముడుచుకుంది. "నేనూ ఆ వాగు నీళ్ళు తాగి పెరిగినదాన్నే. నా పేరూ మీ జాబితాలోనే ఉంది. వస్తాను," అంది.

ఆ మాట ఎగువకి చేరడానికి పూట పట్టలేదు. సూరమ్మ బండ దగ్గర చామంతి, పోలన్న మాట్లాడుకుంటూ ఉంటే బుచ్చిలింగం తోక ఊపుకుంటూ వచ్చాడు. వెంట మేనల్లుడు సింగడు ఉన్నాడు.

"మంచి ఆలోచన చేశావమ్మా చామంతీ. కుర్రకారు ఓటెయ్యాలన్నది నా కోరిక కూడానూ. పరుపుబండ మీద చోటిస్తాను. గేటు, పలకలు, తొక్కిసలాట లేకుండా చూడటం, అన్నీ మావాళ్ళు చూసుకుంటారు."

"పలకలు మావాళ్ళు పట్టుకుంటారు," అన్నాడు పోలన్న నెమ్మదిగా.

"బావా, నువ్వు పోటీలో ఉన్నవాడివి. నీ వాళ్ళు గేటు దగ్గర ఉంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు."

"నువ్వూ పోటీలో ఉన్నవాడివేగా."

"నేను ముందు పెద్దని, తర్వాతే పోటీదారుని. ఏర్పాట్లు పెద్దే చూడాలన్నది మన పద్ధతి."

సూరమ్మ తల బయటికి చాపింది. "గేటు దగ్గర నేను కూర్చుంటాను. ప్రతి పలకా నేను చూశాకే పాదం పడాలి."

"అవ్వా, నిన్ను ఆ దుమ్ములో కూర్చోబెడితే నా పరువు ఏమవుతుంది? స్టేజి మీద కోయిలమ్మ పక్కనే నీకు తడిగడ్డి పరిపిస్తాను. అడివి అడివంతా నిన్ను చూడాలి."

సూరమ్మకి నూటపాతికేళ్ళు. ఇన్నేళ్ళలో ఆమెని ఏ సంబరానికీ ఎవరూ పిలవలేదు. పిలవాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆమె సరేనని తల ఊపింది.

కచేరీ రోజు పొద్దెక్కకముందే పరుపుబండ నిండిపోయింది. రెండు టేకుచెట్ల మధ్య గేటు కట్టారు. సింగడూ మరో పదిమంది నక్కలూ పలకలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. పాదం వెయ్యి, లోపలికి పో. పాదం వెయ్యి, లోపలికి పో. వాళ్ళు అన్న మాట ఇంతే. చామంతి వచ్చినప్పుడు, "నా పేరు ఇదివరకే ఉంది," అంది.

"కొత్త జాబితా అక్కా. ఉన్నవాళ్ళూ వెయ్యాలి," అన్నాడు సింగడు.

ఆమె వేసింది. ఆమె కళ్ళు కూడా స్టేజి వైపే ఉన్నాయి. రాగవల్లి గేటు దగ్గరే వాలి, అందరూ చూస్తుండగా చిన్న పాదం పలక మీద అద్దింది. కుర్రకారు ఈలలతో అడివి దద్దరిల్లింది.

ఆ రోజు ఆమె పాడినట్టు మునుపెన్నడూ పాడలేదు. పాటకీ పాటకీ మధ్య, "పాదం వేశారా?" అని అడిగింది. వేశాం అని మూడొందల గొంతులు ఒక్కసారి అరిచాయి. పోలన్న అంతటివాడు కూడా మెడ ఊపుతూ కూర్చున్నాడు. సూరమ్మ తడిగడ్డి మీద కూర్చుని, కళ్ళు అరమోడ్చి విన్నది.

మర్నాడు ఎండిన పలకలు బండ దగ్గర గుట్టగా పోసి ఉన్నాయి. పేర్లు ఎక్కించడానికి సూరమ్మా, సాయానికి చామంతీ కూర్చున్నారు.

"మూడువందల పదహారు," అంది చామంతి. ఆమె గొంతులో సంతోషం ఆగడం లేదు.

సూరమ్మ మొదటి పలకని మూతితో తిప్పింది. వెనక రెండు గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

"పొరపాటున కలిసినట్టుంది," అని పక్కన పెట్టింది. రెండోది తిప్పింది. రెండు గీతలు. మూడోది, నాలుగోది. చామంతి కూడా గిట్టలతో తిప్పడం మొదలుపెట్టింది. పది, ఇరవై, యాభై. పలక తిరగబడ్డ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఒకచోట చామంతి ఆగిపోయింది. ఆ పలక మీద ఉన్నది ఆమె గిట్టే. వెనక అవే రెండు గీతలు.

కొత్తగా ఒక్క పేరూ చేరలేదు సరికదా, ఉన్న నలభై కూడా పోయాయి. నెలరోజులు ఎండలో తిరిగి, రెండు కొండలెక్కి, పిల్లలందరినీ బతిమాలి తీసుకొచ్చి తన చేతులతో తనే అప్పగించినట్టయింది.

"పగలగొట్టెయ్ అవ్వా. ఎవరూ చూడలేదు."

"చూడనిది ఎవరమ్మా, నేనే కదా చూడనిది." అంది సూరమ్మ. "పాదం పడ్డ పలక నా ఇష్టం వచ్చినట్టు పగలగొడితే, రేపు నా తర్వాత వచ్చేది ఇంకెవరి పలకైనా పగలగొడుతుంది. రేపు జాబితా కట్టాలి. కట్టాక ఏడు రోజుల గడువుంది. తెలియక వేశామని ఎవరికి వాళ్ళు వచ్చి నోటితో చెప్తే, కొత్త పలక మీద మళ్ళీ పాదం వేయిస్తాను."

"వాళ్ళు వస్తారా?"

"గేటు దగ్గర కూర్చుంటానన్నాను. కూర్చోలేదు," అని సూరమ్మ తల లోపలికి లాక్కుంది. చాలాసేపటిదాకా ఆ తల మళ్ళీ బయటికి రాలేదు.

చామంతి నిలదీస్తే బుచ్చిలింగం ఆశ్చర్యం నటించాడు. "నేనెవరి కాలైనా పట్టుకుని వేయించానా తల్లీ? ఆ పిల్లలకి ఓటు ఇష్టం లేదేమో. పాదం పడ్డాక పడ్డట్టే."

అంతటితో ఊరుకోలేదు. కోయిలమ్మకి ఎగువ మేడితోపు రాసిచ్చారనీ, అందుకే పిల్లల చేత అలా వేయించిందనీ దిగువనంతా మాట పుట్టించాడు. ఏడు రోజుల్లో మూడు రోజులు గడిచాయి. బండ దగ్గరికి వచ్చింది చామంతీ, పోలన్నా కలిపి పదకొండు మంది. మిగతావాళ్ళు, పాటా వద్దు ఓటూ వద్దు అని పొదల్లో మొహం తిప్పుకుని కూర్చున్నారు.

చామంతి చెప్పేదాకా రాగవల్లికి ఇదేమీ తెలియదు. విన్నాక ఆమె కొమ్మ దిగి నేల మీద కూర్చుంది.

"ప్రతి పాటకీ అడిగాను, పాదం వేశారా అని," అంది. "వాళ్ళు వేశామని అరిచినప్పుడల్లా నాకెంత సంతోషమేసిందో తెలుసా. నేనూ వేశాను కదా."

"మీ పేరు కూడా పోయింది."

నాలుగో రోజు పొద్దున్నే రాగవల్లి ఒక్కతే వచ్చి బండ ముందు నిలబడింది. ఆమె కంటే ముందు ముసలి పంది ఒకటీ, ఉడత ఒకటీ ఉన్నాయి. ముందుకు రమ్మని పిలిచినా రాలేదు. పొదల్లోంచి ఆ సంగతి చూసిన దూది గెంతుకుంటూ వచ్చింది.

"మేడితోపు ఎలా ఉంది?" అంది వెటకారంగా.

"నాకెవరూ ఏ తోపూ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఇక్కడెందుకు నిలబడతాను?"

"అయితే ఇప్పుడు పాడతావా?"

"పాడను. ఈసారి పాట కోసం రావద్దు దూదీ. మొన్న నేను పలక వెనక చూడకుండా మిమ్మల్ని వెయ్యమన్నాను. అది నా తప్పు. దిద్దుకోవడానికి వచ్చాను. నీకు కావాలంటే నువ్వూ దిద్దుకో."

దూది చెవులు రెండూ దించుకుంది. అంత పేరున్న కోయిలమ్మ ఎండలో, ఉడత వెనక నిలబడి అలా అంటుందని ఆమె అనుకోలేదు. కాసేపు అటూ ఇటూ గెంతి, చివరికి వచ్చి కోయిల వెనక కూర్చుంది. మధ్యాహ్నానికి ఆ వరస వాగు ఒడ్డుదాకా సాగింది.

సూరమ్మ ఒక్కొక్కరికీ పలక వెనకవైపు చూపించి అడిగేది.

"ఎన్ని గీతలు?"

"ఒకటి. నిలువుగా."

"అంటే?"

"చేర్చమని."

"అయితే వెయ్యి."

తాబేలు పని కాబట్టి ఆలస్యమయ్యేది. ఎవరూ విసుక్కోలేదు. నాలుగో రోజు డెబ్భై, ఐదో రోజు నూటపది.

బుచ్చిలింగానికి కంగారు పుట్టింది. ఈ వరస చెదరగొట్టాలంటే ఇంకో పాట కావాలి, పాట లేకపోతే ఆట కావాలి అనుకున్నాడు. నెమలి మకుటరావుని పిలిపించాడు. ఆరో రోజు పరుపుబండ మీద మకుటరావు ఆట, పేర్లు కూడా అక్కడే, వరసలో నిలబడక్కర్లేదు అని చాటింపు వేయించాడు. తొందరలో సింగడితో, "పోయినసారి చేసినట్టే చెయ్యండి," అన్నాడు.

దిగువవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. అయినా పరుపుబండ నిండింది. మకుటరావు అంటే పడిచచ్చే ఎగువ కుర్రకారు, ముంగిసలు, అడవిపిల్లులు, నక్కపిల్లలు అంతా వచ్చారు. గేటు దగ్గర సింగడు చెప్పింది చెప్పినట్టే చేశాడు. పాదం వెయ్యి, లోపలికి పో.

స్టేజి మీదికెక్కిన బుచ్చిలింగం జనం వంక చూశాడు. ఎదురుగా ఉన్నవాళ్ళంతా తనవాళ్ళే. సింగణ్ణి పక్కకి పిలిచాడు.

"ఏ పలకలురా అవి?"

"నువ్వన్నట్టే మామా. పోయినసారివే."

"ఎక్కడున్నాయి?"

"పోయినసారి లాగే ఎప్పటికప్పుడు అవ్వ దగ్గరికి చేరవేశాం. మేం కూడా వేశాం, చూసేవాళ్ళకి ఉత్సాహంగా ఉంటుందని."

అప్పుడే మకుటరావు పింఛం విప్పి, "ముందు మన పెద్దాయన పాదం వేస్తారు," అని ప్రకటించాడు. ఒక పలక తెచ్చి ఎదురుగా పెట్టాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆ పలక వెనక ఏముందో బుచ్చిలింగానికి తెలుసు. వెయ్యనంటే ఎందుకని అడుగుతారు. నవ్వు మొహంతోనే పాదం వేశాడు. మకుటరావు ఆ పలక ముక్కున కరుచుకుని జనమంతా చూసేలా ఎత్తి, సూరమ్మ దగ్గరికి పోయే గుట్టలో పెట్టాడు.

సాయంత్రం సూరమ్మ ఆ పలకలు తిప్పి చూసి చామంతిని పిలిచింది. చామంతి లెక్కపెట్టింది. రెండువందల నలభై పేర్లు, అన్నీ ఎగువవే.

"ఊరుకుంటే పోలన్న మామ గెలిచినట్టే," అంది మెల్లగా.

"ఊరుకుంటావా?" అంది సూరమ్మ.

చామంతి అడ్డుకట్ట దాటి ఎగువ వెదురుపొదల్లోకి నడిచింది. బుచ్చిలింగం గుహకి తప్ప ఆమె అటు వెళ్ళడం అదే మొదలు. "మీ పేర్లు పోయాయి. రేపొక్కరోజే గడువు. వచ్చి నోటితో చెప్పండి," అని పొదపొదకీ చెప్పింది.

"మా పెద్ద మాకే ఇలా చేశాడా?" అంది ఒక పడుచు ముంగిస. అందరూ బుచ్చిలింగం గుహ వైపు చూశారు. అతను అప్పటిదాకా వాళ్ళకి ఒక్క ముక్క చెప్పలేదు.

ఏడో రోజు ఎగువా దిగువా ఒకే వరసలో నిలబడ్డాయి. లేడి పక్కన అడవిపిల్లి, కుందేలు వెనక ముంగిస. అందరిదీ ఒకటే మాట: వెనక చూడలేదు, తెలియక వేశాం. పొద్దు వాలేముందు వరస చివర ఇద్దరు మిగిలారు, బుచ్చిలింగం, వెనక సింగడు. జాబితాలో పేరు లేనివాడు పోటీకి పనికిరాడు.

"చెప్పు నాయనా," అంది సూరమ్మ.

"అందరిలాగే అవ్వా. తెలియక వేశాను."

సింగడు మొహం ఎర్రబడింది. తన పేరూ పోయిందని పొద్దున ముంగిసలు చెప్పేదాకా అతనికి తెలియదు. దిగువవాళ్ళ గొడవ వట్టిదని మామ చెప్పింది నమ్మాడు, ఆ గీతల అర్థం కూడా ఆ పొద్దునే తెలిసింది.

"తెలియకపోవడమేమిటి మామా?" అన్నాడు. "ఆ రెండు గీతలూ పక్కన కూర్చుని మాచేత గీయించింది నువ్వే కదా. అవి అందం కోసమని చెప్పావు."

మకుటరావు పింఛం దానంతటదే ముడుచుకుంది. బుచ్చిలింగం తోక దించుకున్నాడు.

"తెలియక వేసినవాళ్ళకే ఈ గడువు," అంది సూరమ్మ. "తెలిసి వేసినవాడు పేరు వద్దనుకున్నట్టే. పాదం పడ్డాక పడ్డట్టే అన్నది నువ్వే నాయనా. సింగా, నువ్వు ముందుకు రా."

బుచ్చిలింగం పక్కకి జరిగాడు. మేనల్లుడు పలక తిప్పి, గీత చూసుకుని పాదం వేశాడు.

ఎన్నికలో పోలన్నకి ఎదురు లేదు. అడ్డుకట్ట బండలు తొలగించిన రోజు వాటిని ఒడ్డుకి దొర్లించినవాళ్ళలో సగం మంది ఎగువవాళ్ళే. ఓటు లేని బుచ్చిలింగం దూరంగా వెదుళ్ళ నీడలో కూర్చుని, పోయే నీళ్ళని చూస్తూ ఉండిపోయాడు.

ఎవరి పిలుపు విని వచ్చినా తప్పులేదు, దేని మీద పాదం మోపుతున్నామో చూసుకోకపోవడమే తప్పు.